బొటనవేలు చుట్టగూడదు

గిరింపేటలో నాది మోటార్ల వైండింగ్ షాపు.
రాగితీగ నాకు తిండి.
గల్లాపెట్టె కింద అరలో మాత్రం
ఒక పాత పెళ్లి ఆల్బమ్‌లోంచి ఫోటోలు పీకేసి
స్కౌటు బ్యాడ్జీలు అతికించుకుంటా.

అన్నీ కాదు, సేద్యం యంత్రాలవి మాత్రమే.
పాత రూపాయి బిళ్లంత ఖాకీ గుడ్డ,
మీద పసుప్పచ్చ దారంతో యంత్రం బొమ్మ.
చెనక్కాయలు వొలిచే మిషను ఒకటి,
మందు కొట్టే పంపు ఒకటి,
ట్రాక్టరువి రెండు. ఒకదానికి ముందు చక్రం లేదు,
కుట్టినాయనకు దారం అయిపోయిందో, ఓపిక అయిపోయిందో.

పాకాలలో పాత ఇనుము అంగడికి
తూకానికొచ్చిన ట్రంకుపెట్టె అడుగున నాలుగు దొరికినాయి.
పుత్తూరులో డ్రిల్లు మాస్టరు ఏకాంబరం సారు భార్య
"ఇవి తీసుకో నాయనా, ఆయన విజిలు మాత్రం వదిలెయ్" అనింది.

ప్రతిదాని అంచు చుట్టూ
సూది దిగిన చిల్లులుంటాయి.
నేను ముందు చూసేది వాటినే.
చిల్లుల్లేవంటే ఏ చొక్కాకీ ఎక్కనిది,
బీరువాలోనే ముసలిదైంది. అది నాకొద్దు.

నేను స్కౌటును కాను.
నిక్కరు గుడ్డకు మా నాయన దగ్గర డబ్బుల్లేక
క్యాంపు జరిగినన్నాళ్లూ గేటు బయట
సైకిళ్లకు కాపలా నిలబడినోణ్ణి.

ఆయిలింజను బిళ్ల ఒక్కటి, పదకొండేళ్లు, దొరకలేదు.
పెనుమూరు అవతల చెరుకు మడి గట్టున
బోరు మోటారు విప్పడానికి పోయి
దండెం మీద ఆరేసిన బొంతలో చూసినా.
చీరముక్కల నడుమ, చిరుగు మీద మాసికగా,
పెద్ద చక్రం, పొగగొట్టం,
దారం ఒక్క పోగు లేవలేదు.

"అది మా తమ్ముడిది" అనింది కుప్పమ్మ.
డెబ్బై దాటుంటాయి. దవడలో వక్క.
"ఇచ్చింది వాడికి. తిప్పింది నేను.
పరీక్ష పెట్టను టోపీ ఆయన ఒకడు
మా బెల్లం గానుగ కాడికే వచ్చినాడు.
వీడికి హ్యాండిలు అందితే కదా!
ఆయన ఏలు పాకంలో ముంచి నాకతా అట్ల తిరిగినాడు,
నేను ఇట్ల తిప్పేసినా."

ఐదొందలన్నాను. వెయ్యన్నాను.
ఆమె వక్క ఉమ్మేసి లేచింది.
"నీకు తిప్పను వచ్చునా?"

గానుగ కొట్టంలో, ఎండిన చెరుకు పిప్పి కింద,
పచ్చరంగు పెచ్చులూడి, ఉండాది అది.
కరెంటు మోటారైతే చెవి ఆనించి రోగం చెప్తా.
దీని ముందర
చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు నాకు.

"లివరు ఎత్తు. తిప్పు. వేగం రానీ.
ఇంకా. ఇంకా రా అబ్బోడా, సంగటి తినలేదా?
బొటనవేలు చుట్టగూడదు! వేళ్ల పక్కనే పెట్టు,
ఎదురు కొడితే ఇరిచేస్తాది.
ఆ... ఇప్పుడు వదులు లివరు."

ఎదురు కొట్టింది.
రెండోతూరీ కొట్టింది.
మూడోతూరి నల్లగా దగ్గి
డగ్... డగ్... డగడగడగడగ
కొట్టం రేకులు, పిప్పి, ఆమె చెవి కమ్మలు, నా పళ్లు
అన్నీ ఒకే దెబ్బకు అదురుతా ఉన్నాయి.
ఆమె చేతులు వెనక్కి కట్టుకుని
టోపీ పెట్టుకున్నట్టే నడిచింది
చక్రం చుట్టూ ఒక రౌండు.
"సరే" అనింది.

బిళ్ల ఇయ్యలేదు. నేనూ మళ్లీ అడగలేదు.
బోరు మోటారు కూలిలో
డీజిలుకని యాభై పట్టుకుంది.

రాత్రి చూస్తే కుడి మణికట్టు మీద
గుండ్రంగా కమిలుంది,
పాత రూపాయి బిళ్లంత.
మొదట నీలం. నాలుగోనాటికి
అంచుల్లో పసుప్పచ్చ దిగింది.
మా ఆవిడ పసుపూ సున్నం కలిపి తెచ్చింది పట్టు వెయ్యను.
"ఉండనీ" అన్నా,
"రెండు దినాలు ఉండనీ దాన్ని."