ఒదులు

కాశీబుగ్గ రైలుగేటు దగ్గర మా కుట్టుగది
పదడుగుల పొడవు, ఎనిమిదిన్నర వెడల్పు.
ఆ ఎనిమిదిన్నరలో రెండడుగులు ఎప్పుడూ జాకెట్లవే.
మిషను కింద, బియ్యం డబ్బా మీద, ఉన్న ఒక్క కుర్చీలో,
సంచులకి పిన్ను గుచ్చిన పేర్లతో.
మనిషి కూచోవాలంటే ముందు ఎవరి జాకెట్టో లేవాలి.

అందుకే చీటీ పాడాను.
అందుకే వడ్రంగి ఢిల్లేశ్వర్రావుకి కబురెట్టాను.

గురువారం వస్తానన్నవాడు
ఆదివారం కూర ఉడికే వేళకి వచ్చాడు.
అతని నడుముకి స్టీలు టేపు, నా మెడలో గుడ్డ టేపు.
ఇద్దరం ఒకే గోడ కొలిచాం.
అతనికి డెబ్బై నాలుగంగుళాలు, నాకు డెబ్బై మూడు.
"మరో అంగుళం ఎక్కడికెలిపోనాదమ్మా?"
ఇరవై ఏళ్ళ టేపు, సాగిపోయింది.
ఊళ్ళో ఆడవాళ్ళందరినీ ఇన్నాళ్ళూ
ఒక పిసరు సన్నగా చూపించింది.

ప్లైవుడ్డా, పనసా అన్న దగ్గర గంట గడిచింది.
తిత్లీ తుపానుకి పడిపోయిన పిన్ని తోట పనస
ఒక్క పలక మంచం కింద దాచుకున్నాను.
పసుపు తిరిగి తేనె రంగుకొచ్చింది.
వేలితో తట్టి, వంగి వాసన చూసి
"ఒక అరకొస్తాది. ఒకటే. మిగతాదానికి ప్లైయే గతి" అన్నాడు.
సిగరెట్టు పెట్టె వెనక లెక్క రాశాడు:
ప్లై, బందులు, జిగురు, తన కూలి,
కుర్రాడి కూలి, కుర్రాడి టిఫిను.
టిఫిను కొట్టేశాను.
కుర్రాడి కాలరు మెడకి రెండు సైజులు పెద్దది.
మళ్ళీ రాశాను.

నా భయం వేరే.
గుడ్డ కోస్తే లోపల ఒదులుంచుతాను,
కాన్పయ్యాక విప్పుకోడానికి, కూతురికి బిగించుకోడానికి.
చెక్క కోస్తే కోసిందే కదా.
ఇన్ని అరలని ఇవాళ చెప్పేస్తే
రేపొచ్చే బట్టకి ఏం చెప్పను?

"ముందు ఏటేటున్నాయో తేల్చండమ్మా" అని వెళ్ళిపోయాడు.

తేల్చడానికి రుప్పమ్మని పెట్టుకున్నాను, రోజుకి నాలుగొందలు.
గింజ రాక జీడిపప్పు ఫ్యాక్టరీ మూసిన వారం అది.
పదహారేళ్ళు పప్పు ఏరిన చెయ్యి.
గుట్ట ముందు చాపేసుకుని
ఒక్క మాట అడక్కుండా మొదలెట్టింది.
ఇచ్చేయాల్సినవి గుండు.
సగం కుట్టినవి బద్ద.
పీలికలు ముక్క.
జీడిసొన గీతలన్నీ తినేసిన వేళ్ళు,
పట్టుకి గరుకు తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

పొద్దు వాలేసరికి ఆమె ఒళ్ళో నాలుగో రకం మిగిలింది.
"ఇవేటి? కుట్టడం అయిపోనాది. డబ్బులిచ్చేసినారు. ఎవులూ రానేదు."
పదమూడు.
పెళ్ళి తప్పిపోయినది ఒకటి.
చెన్నై పనికెళ్ళి నంబరు మారినవి మూడో నాలుగో.
అన్నిటి అడుగున కవిటి దమయంతిది.
కొలతల పుస్తకంలో ఆమెకి మూడు పేజీలు:
ఛాతీ ముప్పై ఆరు.
ముప్పై మూడు.
ముప్పై.
రక్తం కడిగించుకోడానికి వచ్చే రోజుల్లో నా దగ్గర ఆగేది.
"లోపల బాగా ఒగ్గీయమ్మా, మళ్ళా ఒళ్ళు సేత్తాను" అంది చివరిసారి.
రెండువైపులా మూడేసి అంగుళాలు ఒగ్గేశాను.

"వీటికేటి పేరు?" అంది రుప్పమ్మ.
ఫ్యాక్టరీలో ఈ రకం లేదట.
నాకూ తోచలేదు.
మంచం కింది పలక చూపించాను.

నాలుగు రోజుల పని పదకొండయింది.
రుప్పమ్మ కూలి లెక్కపెట్టుకుని, యాభై తిరిగిచ్చి
ముక్కల మూట అడిగింది, మనవరాలి బొంతకి.
మూటా ఇచ్చాను, యాభైయ్యీ ఇచ్చాను,
తర్వాత కొంచెం బాధపడ్డాను కూడా.

అలమర తలుపు మూస్తే సన్నటి సందు,
గోరు పట్టేంత.
"కొలత తప్పావా?" అన్నాను.
"తప్పనేదమ్మా. వానలకి చెక్క ఉబ్బుతాది.
దానికీ కూసింత ఒగ్గాల."

అరలన్నిటికీ చీటీలు అంటించాను.
కంటి ఎత్తున ఉన్న పనస అరకి అంటించలేదు.
కుర్చీ ఖాళీ అయింది.
ఎవరూ రాలేదింకా.
కాసేపు నేనే కూచున్నాను.