గుడ్డ కింద

మిర్చియార్డులో ఇరవై ఆరేళ్ళుగా గుమస్తాని.
తేజ ఘాటు తుమ్మి చెప్తాను,
తాలుకాయని చప్పుడు విని చెప్తాను.
ధర మాత్రం, నేను చేరిన కొత్తల్లో,
తువాలు కింద రెండు చేతులకే తెలిసేది.
వేలు నొక్కితే వంద, పిడికిలి మూస్తే అయిదొందలు.
రైతు ఎదురుగా నిలబడి
ఆ గుడ్డ కదలికల్నే చూసేవాడు,
కడుపులో బిడ్డ తంతుందా అని చూసినట్టు.

రేడియో కాసింపీరాది.
కాటా పక్కన, టిక్కీల మీద,
రబ్బరు బ్యాండుతో కట్టిన బ్యాటరీలు.
హిందీ కామెంటరీ సగం అర్థమయ్యేది, మిగతా సగం కల్పించేవాడు.
"లేచింది, లేచింది, ఏటుకూరు రోడ్డు దాటింది!" అనేవాడు
ఏ సముద్రాల అవతలో కొట్టిన బంతిని.
హమాలీలు బస్తా వీపు మీదే ఉంచుకుని ఆగిపోయేవాళ్ళు.
నలభై కిలోలు. ఓవరయ్యేదాకా.

చిట్టా వెనక పేజీలో నేను స్కోరు రాసేవాణ్ణి,
ముందు పేజీల్లో రైతుల అప్పులు.
ఒకసారి షావుకారు చూశాడు.
పని పోయిందనుకున్నా.
"వికెట్లెన్ని?" అన్నాడు.

మాకూ ఒకడుండేవాడు. ఏసోబు, సంగడిగుంట.
ఎడమచేతి వాటం.
ఆదివారం పెరేడ్ గ్రౌండులో
చెప్పులు విప్పి పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చేవాడు.
బంతి బయటికి వెళ్ళబోయి
ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ లోపలికొచ్చేది.
సెలక్షన్లకని బెజవాడ వెళ్ళాడు, పొద్దుటి ప్యాసింజరులో.
బూట్లు నేనే అరువిప్పించా, ఒక సైజు చిన్నవి.
సాయంత్రం కుంటుకుంటూ దిగాడు.
ఏమైందిరా అంటే
"బూట్లు కరిచాయి" అన్నాడు, అంతే.
ఆ తర్వాత చాలా ఏళ్ళు, బస్తాల మధ్య టీ తాగుతూ
నిమ్మకాయ దొరికితే చాలు వేళ్ళ మధ్య తిప్పుతుండేవాడు.

తర్వాత ఒక ఏడు
ఎవరెంతకి ఓడారో పేపర్లో పట్టిక వేశారు,
మా ధరల పట్టికకి పక్క పేజీలోనే.
కాసింపీరా నాలుగు రోజులు రేడియో పెట్టలేదు.
అయిదో రోజు పెట్టాడు.
"సిగ్గులేని చెయ్యి" అన్నాడు, చేతిని చూసుకుంటూ.

ఇప్పుడు క్యాంటీన్ టీవీలో ఆటగాళ్ళ వేలం.
సుత్తి. కోట్లు. నవ్వులు.
రంగెలా ఉంది, నిరుటి సరుకా, ఎన్నాళ్ళు నిలవుంటుంది,
అన్నీ అడుగుతున్నారు,
కాయ చిదిమి వాసన చూడటమొక్కటే తక్కువ.
ఎవరూ కొనని ఒక కుర్రాడి బొమ్మ పక్కకి జరిగింది.
ఆ మొహం నాకు తెలుసు,
లాటు వద్దన్నాక లారీ కిరాయి లెక్కేసుకునే మొహం.
మా దగ్గర సరుకు బయట, ధర గుడ్డ కింద.
అక్కడ ధర బయట.
మరి గుడ్డ కింద ఏముంది?

ఇదీ చెప్పాలి.
కొత్తపేట సెల్‌ఫోన్ కొట్టు కుర్రాడు యాప్ ఎక్కించిచ్చాడు.
మూడు వేలు పెట్టాను,
మనవాళ్ళు ఓడతారని.
ఆఖరి ఓవర్లో మనవాడు కొట్టిన బంతి గాల్లోకి లేస్తే
పట్టుకోరా, పట్టుకోరా అని మొక్కుకున్నాను అవతలివాడికి.
పట్టుకున్నాడు.
బిర్యానీ పొట్లాలు కట్టించుకుని ఇంటికెళ్ళాను.
నాకు ముద్ద దిగలేదని చెప్పను.
బాగానే దిగింది.
దానికే భయమేసింది.

కాసింపీరాకి కళ్ళు పోయాయి, షుగరో, కారం దుమ్మో.
ఆనందపేటలో అరుగు మీద కూచుంటాడు.
శుక్రవారం శుక్రవారం వెళ్తాను.
అడుగు చప్పుడుకే "స్కోరెంత?" అంటాడు.
మ్యాచ్ లేని రోజైనా చెప్తాను.
నూట నలభైకి ఆరు.
ఎండ తగ్గింది, బంతి పాతబడింది.
"అటువైపు నుంచి ఎవరు?"
ఏసోబు, అంటాను.
చెప్పులు విప్పుతున్నాడు.