ట్రయల్

ఏడు రోడ్ల జంక్షన్ వెనక సందులో
ముఖలింగం షెడ్డు.
నా బండి పొట్ట విప్పి నట్లన్నీ
పాత స్వీటు డబ్బా మూతలో పోశాడు.
కార్బొరేటర్ని పెట్రోల్లో ముంచి, నోటితో ఊది
వెలుతురుకెత్తి చూశాడు,
పసిపిల్ల చెవిలోకి చూసినట్టు.

"సెయిను ఎండిపోనాది. ఆయిలు తారైపోనాది.
ఏటి బాబూ, ఇన్నేల కిలోమీటర్లు
దీన్నెలా తోలీసినావు?"
నేరం ఒప్పుకున్నవాడిలా
బల్ల చివర కూర్చున్నాను.

నాలుగింటికి కిక్కు కొట్టాడు.
ఒక్క దగ్గు. ఆ తర్వాత కడిగిన గొంతు.
"ట్రయలేసొత్తాను" అని పోయినవాడు
ఐదైనా రాలేదు.
రెండు టీలు తాగాను. ఫోన్ చేస్తే
షెడ్డులోనే, గుడ్డపేలికల కింద మోగింది.
స్పానరు తుడుస్తున్న కుర్రాడు తలెత్తకుండా అన్నాడు:
"మా ఓనరుకి సొంత బండి లేదండి."

చీకటి పడుతుంటే వచ్చాడు.
టైర్లకి ఇసక, మడ్‌గార్డు మీద ఉప్పు,
గాలికి నీళ్లు కారి ఎర్రబడ్డ కళ్లు.
కళింగపట్నం దాకానా!
అరుద్దామని నోరు తెరిచాను.
"ఎనబైలో సిన్న సప్పుడుంది బాబూ.
అదెక్కడో తెలవాలంటే
దూరం పోవాల గదా."
డబ్బులు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.
ట్యాంకు మీద చెయ్యి మాత్రం
కాసేపు తియ్యలేదు.

నాగావళి దాటాను.
తడి పొలాల చలి చొక్కాలో దూరి
వీపు మీద బుడగలా ఉబ్బింది.
అరవై.
ఎదురు లారీ వెలుగు మింగి, ఉమ్మేసింది.
డెబ్బై.
చప్పుడేమీ లేదు.

చిలకపాలెం దగ్గర
మా ఊరి మలుపొచ్చింది.
ఎనభైలో కూడా ఒకసారి వినాలి కదా అని
తిరగలేదు.