రెండో షిఫ్టు

నెలకోసారి, మూడో శుక్రవారం
మా ఊరి హాల్లో తెర కట్టేది నేనే.
వేల్స్ పడమటి ఒడ్డు, నవంబరు.
కిటికీలకు దుప్పట్లు కొట్టి చీకటి చేస్తాను.
ఎనభై కుర్చీలు, అందులో నాలుగు కుంటివి.
అవెక్కడున్నాయో ఊళ్లో అందరికీ తెలుసు.

ఈసారి మా సముద్రం కథే సినిమాగా వచ్చింది.
అదే, తాతలు చెప్పే మునిగిన సీమ:
పదహారు పట్నాలు, పొడుగాటి గట్టు,
గట్టుకి ఒక తూము, తూముకి ఒక కాపరి.
విందు రాత్రి వాడు తప్పతాగి పడుకున్నాడట,
పోటు తోసుకొచ్చిందట,
తెల్లారేసరికి అలల కింద గంటల మోతే మిగిలిందట.

సినిమాలో కాలం ఇప్పటిది.
ముగ్గురు పిల్లలు, ఒక కుక్క,
పోటు వేళలు చెప్పే ఫోను.
ఆటుకి బయటపడ్డ పాత అడవి మోళ్లలో
ఒక మోడు తలుపులా తెరుచుకుంటుంది.
లోపల పచ్చటి నీటి వీధులు,
లాంతర్లు మోసే చేపలు,
రొట్టెల కొట్టు ముందు ఇంకా క్యూలో నిల్చున్న జనం.
(ఇది నాకు నచ్చింది. అన్ని వందలేళ్లుగా, రొట్టె కోసం.)

కాపరి దయ్యం కూడా ఉంది.
ఎర్ర ముక్కు, జారే ప్యాంటు,
నిలబడితే తూలుడు, తూలితే తేన్పు.
హాలంతా గొల్లుమంది.
నాలుగో వరసలో గ్విలిమ్ కూడా నవ్వాడు,
అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా.

గ్విలిమ్ ఏటి మూతి దగ్గర తూము చూసుకుంటాడు.
మూడు శీతాకాలాల కిందట ఒక రాత్రి
తలుపు సగంలో బిగుసుకుంది.
అప్పటికి ముప్పై గంటలుగా అతను ఇంటి మొహం చూడలేదు.
కుర్చీలో కునుకు పట్టింది.
ఎంతసేపో విచారణలో తనే చెప్పాడు: పదకొండు నిమిషాలు.
కింది వీధిలో పన్నెండిళ్లకు నీళ్లొచ్చాయి.
అందులో మా అక్క ఇల్లొకటి.
ఆమె పియానో మూత తీస్తే ఇప్పటికీ ఉప్పు వాసన.
ఎవరూ అతన్ని ఏమీ అనలేదు.
అనకపోవడంలో మా ఊరిది అందెవేసిన చెయ్యి.

తెర మీద పిల్లలు చక్రం తిప్పుతున్నారు,
కుక్క తాడు కరిచి లాగుతోంది,
సంగీతం గోడల్ని ఊపేస్తోంది.
సరిగ్గా అక్కడ
గ్విలిమ్ కూతురు మాబ్లి, తొమ్మిదేళ్లది,
లేచి నిల్చుంది.
తెరని అడిగిందో, మమ్మల్ని అడిగిందో:
"పదహారు పట్నాలకి ఒక్కడేనా?
రెండో షిఫ్టు ఎవరిది?"

"కూర్చో" అన్నారెవరో, మెల్లగా.
కూర్చోలేదు.
"విందులో ఉన్నోళ్లలో ఒక్కరైనా
వెళ్లి చూసొచ్చారా?"

తలా పాపం తిలా పిడికెడు.
మేం మా పిడికిళ్లు దులిపేసుకుని
మొత్తం ఒక్కడి ఒళ్లో పోశాం,
కథలో ఒకసారి,
మూడేళ్ల కిందట ఇంకోసారి.
రెండో మనిషి జీతం దండగని
చేతులెత్తిన సభ ఈ హాల్లోనే జరిగింది.
ఇవే కుర్చీలు.
నా చెయ్యి ఎంత ఎత్తు లేచిందో నాకు గుర్తే.

సినిమా సుఖాంతం.
తూము మూసుకుంది, సీమ తేలింది,
కాపరి మొహాన్ని కుక్క నాకింది.
లైట్లు వేశాను.
జనం కోట్లు వెతుక్కోవడంలో మరీ శ్రద్ధగా ఉన్నారు.
మా అక్క మాత్రం నాలుగో వరస దాకా వెళ్లి
గ్విలిమ్ పక్కన, కుంటి కుర్చీ అని తెలిసే, కూర్చుంది.
ఏమీ మాట్లాడలేదు.
సంచీలోంచి ఎండుద్రాక్షల రొట్టె తీసి
మూడు ముక్కలు చేసింది.
పెద్దది మాబ్లికి.

నేను కుర్చీలు మడిచి తాళం వేసేసరికి పది దాటింది.
పోటు పదకొండూ నలభైకి.
మా ఇంటి దారి ఎడమకి.
కుడికి తిరిగి ఏటి మూతి వైపు నడిచాను.
తూము గదిలో లైటుంది, అప్పుడే డ్యూటీ ఎక్కినట్టున్నాడు.
"ఆ మీట ఎలా నొక్కాలో చూపించు," అన్నాను గుమ్మంలోంచే.
"నాకెలాగూ రాత్రుళ్లు నిద్ర పట్టదు."

గ్విలిమ్ నన్ను చాలాసేపు చూశాడు.
"ముందు," అన్నాడు,
"ఆ కుర్చీలో మాత్రం కూర్చోకు."