మిగిలిన మర

రెండు కాగితాలు తెచ్చింది డోనా జురేమా,
కోళ్ల దాణా బిల్లుల వెనకవైపు పెన్సిలుతో రాసినవి.
కాస్కావెల్‌లో ఆ వేళ ఎర్రమట్టి గాలి.
కౌంటరు తుడిచినకొద్దీ మళ్ళీ ఎరుపే.

"మనవడికా?" అన్నాను, అందర్నీ అడిగినట్టే.
"నాకే.
ముప్ఫై ఒక్క ఏళ్ళు లారీ తోలాను.
నడుము ఇక నా వల్ల కాదంది.
ఆటలో లారీకి నడుముతో పనిలేదటగా?"

మొదటి కాగితం మీద మా కొట్లోని అద్దాల పెట్టె:
ఏడువేల రెండు వందల రియాయిస్,
పన్నెండు వాయిదాలు, నెలకు ఆరు వందలు.
ప్లగ్గు పెడితే చాలు,
జూన్ పండగ పందిరిలా వెలుగుతుంది.

రెండోదాని మీద అన్నీ విడివిడిగా,
ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ రెండు పలకలు,
గ్రాఫిక్స్ కార్డు మాత్రం వంతెన దాటి పరాగ్వే వైపు.
మొత్తం ఆరువేల మూడు వందల నలభై.
దాని కింద, రోడ్ల మీద బతికినవాళ్ళు రాసే పద్దులు:
ఫోజ్ దాకా బస్సు, రానూపోనూ నూట ఎనభై.
చెరుకురసం, భోజనం, నలభై.
బిగింపు కూలి అని రాసి
మళ్ళీ తనే కొట్టేసింది.

తేడా ఆరు వందల నలభై.
అక్కడ ఊరుకోవచ్చు. నోరు ఊరుకోలేదు.
"రొక్కం ఒకేసారి కడితే పదోవంతు తగ్గిస్తాం."
లారీ అమ్మిన డబ్బు ఇంకా కొంత ఉందట.
పెన్సిలు నాలిక మీద తడిపి లెక్కకట్టింది,
ఆరువేల నాలుగు వందల ఎనభై.
కట్టేసిన పెట్టే ఎనభై చవక!

ఇంకోటీ చెప్పాను:
పెట్టెకి ఒకటే వారంటీ,
ముక్కలకి ముక్కకొకటి,
అందులో ఖరీదైన ముక్కది వంతెన అవతలే ఆగిపోతుంది.
పెట్టె అమ్మితే నాకు నూటికి మూడు వస్తుందని
అదీ చెప్పాను, ఎందుకో.

"మూత తియ్యి" అంది.
"బానెట్ ఎత్తకుండా నేను బండి కొన్నది లేదు."

యజమాని భోజనానికెళ్ళాడు.
సీలు చించి తీశాను.
రంగుల ఫ్యాన్ల వెనక ర్యామ్ ఒకటే పలక,
పక్క గాడి పన్ను ఊడిన చిగురులా ఖాళీ.
పవర్ సప్లై విప్పి ఆమె అరచేతిలో పెట్టాను.
కళ్ళు మూసుకుని తూచింది.
అటుకుల పొట్లమంత బరువు లేదు.
పైన పటారం లోన లొటారం.
"ఇది ఎత్తు ఎక్కదబ్బాయ్" అని
పదిలంగా నా చేతికే ఇచ్చేసింది.

వాళ్ళ వంటింటి బల్ల మీద మూడు సాయంత్రాలు.
పేస్టు బఠాణీ గింజంత అంటే
గరిటెడు వేసింది. తుడిచాం. మళ్ళీ వేసింది.
ఇనప రేకు అంచు బొటనవేలు కోసింది.
స్విచ్చు తీగ ఎక్కడ గుచ్చాలో
భూతద్దం పెట్టి నేనే తప్పు చదివాను,
మొదటిసారి అసలు ప్రాణమే రాలేదు.
రెండు కాగితాల మీదా ఇవేవీ లేవు.

మూడో రాత్రి ఫ్యాన్ తిరిగింది.
ఆ చప్పుడుకి చెవి ఒగ్గింది,
ఏ సిలిండరు తడబడుతోందో విన్నట్టు.
కుర్చీ వెనక దిండు సర్దుకుని
తెర మీద మొదటి గేరు వేసింది.
అప్పుడు చూశాను, బల్ల మీద ఒక మర.
ఎక్కడిదో నాకు తెలీదు.
నాకు చెమటలు.

"విప్పి బిగించిన ఏ ఇంజనుకైనా ఒకటి మిగలాలి,
మిగలకపోతే అనుమానించు" అంటూ
తెర మీద వానలోంచి చూపు తిప్పకుండానే
మరను వేలితో నావైపు తోసింది.
"కూలి కొట్టేశానుగా. ఉంచుకో."

మర్నాడు యజమాని అడిగాడు,
పెట్టె సీలు ఎవడు చించాడని.
జేబులో చెయ్యి పెట్టుకుని
నేనేనన్నాను.