ఆరో గంట

పొద్దున లైటు వెలగగానే గుడ్లు పెడతాయి.
అంతే, వాటికదే సుప్రభాతం.
హెబ్బాళ ఫ్లైఓవరు ఇంకా ఖాళీగా ఉండగానే నేను చేరుకుంటాను.
రవణప్ప అప్పటికే తొట్లలో అడ్డుపలకలు లాగేసి,
వేలి కణుపంత చారల చేపల్ని కలవనిచ్చి,
టీ వడపోసే జల్లెడలో గుడ్లు కడుగుతూ ఉంటాడు.
"ఇన్నూరు ఉండాయి మేడమ్. నాలుగు తాలుగింజలు."

పచ్చసొన మీద కూర్చున్న ఒక్క కణం.
ముప్పావుగంటకి రెండు,
ఇంకో పావుగంటకి నాలుగు.
ఎవరు కన్నవుతారో, ఎవరు కండవుతారో
ఇంకా ఎవరి చేతికీ చీటీ అందలేదు.
మొట్టమొదటి కణంలోకే ఎర్ర రంగు ఎక్కిస్తాను.
దాని పిల్లలూ ఎరుపే, పిల్లల పిల్లలూ ఎరుపే,
తరం తరానికీ కాస్త పలచబడుతూ.

మా అమ్మ దగ్గర రెండు సామెతలుండేవి.
విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా.
ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు.
పక్కింటి పిల్లాడు ఫెయిలైతే మొదటిది,
నేను ఫెయిలైతే రెండోది.

నా చేతిలో వెంట్రుక కంటే సన్నని గాజుసూది.
ఊపిరి బిగబట్టి
కన్ను కావలసిన వాళ్ళలోంచి కొందరిని పీల్చి
రంగు లేని ఇంకో పిండంలో,
కండ కాబోయే చోట వదులుతాను.

నాలుగో గంటలో దింపితే పేచీ లేదు.
చుట్టూ ఉన్నవాళ్ళు ఏదో చెబుతారు.
మాటలు కావు, ఊరే రసాలు,
దగ్గరివాళ్ళకి గట్టిగా, దూరపువాళ్ళకి గుసగుసగా.
మర్నాడు చూస్తే ఎరుపు ఎరుపే,
కానీ కండ.
తోకతో పాటు తామూ కొట్టుకుంటుంటాయి.

పదో గంటలో దింపినవి వినవు.
పొట్ట పక్కన నల్లటి చుక్క ఒకటి తేలుతుంది.
ఏ నరమూ వెతుక్కుంటూ రాని కన్ను.
దాన్ని చూసిన రోజు నేను క్యాంటీన్‌కి వెళ్ళలేదు.

"ఇల్లు దొరికిందా మేడమ్?"
దొరకలేదు రవణప్పా.
సహకారనగరలో మూడో అంతస్తు, గాలీ వెలుతురూ, కావేరి నీళ్ళు.
ఓనరమ్మ నా పేరడిగింది, తర్వాత నాన్న పేరు,
తర్వాత ఊరు, ఊళ్ళో ఏ వీధి,
ఆఖర్న, ఏం తింటారు అని.
సొప్పు, ఈరుళ్ళి అంటూ తొమ్మిదేళ్ళుగా ఇక్కడే బేరమాడుతున్నాను.
ఎరుపు కనిపెట్టడానికి
ఆమెకి మైక్రోస్కోపు అక్కర్లేకపోయింది.

రవణప్ప మేత డబ్బా మూత బిగించాడు.
చాలాసేపటికి అన్నాడు:
"మా చిన్నోడు నిద్రలో కన్నడంలో కలవరిస్తాడు.
పెద్దోడు మన తెలుగే.
ఇద్దరిదీ ఒకే కడుపు మేడమ్.
నడుమ బాగేపల్లి నుంచి ఇల్లు మారితిమి, అంతే."

అంతేనా?
నాలుగో గంటకి జవాబుంది, పదో గంటకీ ఉంది.
ఆరో గంట దగ్గరే నా పట్టిక తడబడుతుంది.
అవే చేపలు, అదే సూది, అదే నేను,
ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీల అదే వెచ్చదనం.
కొన్ని వింటాయి, కొన్ని వినవు.
గైడు గారు నా చెయ్యి వణికిందంటారు.
వణికే ఉంటుంది. నిన్న కరెంటు కూడా రెండుసార్లు పోయింది.

రాత్రి తొమ్మిదికి మళ్ళీ చూశాను.
ఆరో గంటలో దింపిన పది కణాలు.
ఏడు, ఎక్కడికక్కడ ఒంటరిగా చెదిరి,
చుట్టుపక్కల వాళ్ళలో కలిసి కండయ్యాయి.
మూడు కాలేదు.
బయట వాన, బళ్ళారి రోడ్డు మీద హారన్లు,
రవణప్ప తొట్ల మీద ఒక్కొక్క లైటూ ఆర్పుతూ వస్తున్నాడు.
నా బల్ల దాకా వచ్చి ఆగాడు.

పెన్సిల్‌తో రాశాను: ఏడు, మూడు.
ఎవరూ చదవని చివరి గడిలో
ఇంకో మాట:
ఆ మూడూ ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి.