జాగా లేదు

కాశీబుగ్గ పాత బస్టాండు వెనక
నా కొట్టు వెడల్పు ఆరడుగులు.
ఒకరు కూచుంటే ఇంకొకరు నిలబడాలి.
బెంగళూరు నుంచి ఇద్దరొచ్చారు ఆ రోజు,
ఫోను బాగుచేయించుకోడానికి కాదు.
"మేం కంపెనీల్లో డబ్బు పెడతాం," అందా అమ్మాయి,
"జనం ఫోన్లో ఏం ఉంచుకుంటారో చూడాలి.
ఈ పూటంతా ఇక్కడ కూచోవచ్చా?"

డబ్బు పెట్టేవాళ్లని నేనెరగనివాణ్ణి కాదు.
డైలీ వడ్డీ నూకరాజు సాయంత్రం ఆరింటికి
బండి ఇంజను ఆపకుండానే చెయ్యి చాస్తాడు.
జీడిపిక్కల సేటు పెడతాడు సీజను ముందు,
గోనెలోంచి ఒక పిక్క తీసి, కోసి, వాసన చూసి.
వీళ్లు పదింటికి పెడతారంట,
తొమ్మిది మునిగినా పరవాలేదంట,
పదోది తాటిచెట్టంత ఎదిగితే చాలంట.
పదిలో తొమ్మిది మునిగినవాడు
మా బజార్లో మళ్లీ టీ తాగడానికి కూడా రాడు.
ఆ మాట అనలేదు.
ఉన్న ఒక్క స్టూలూ తుడిచి వేశాను.

ముందుగా వచ్చింది దాలమ్మ.
"బావూ, జాగా లేదంటంది ఫోను.
ఏటి సేత్తావో సెయ్యి."
నా దగ్గరకొచ్చే రోగాల్లో సగం ఇవే.
తెర పగలదు, బ్యాటరీ ఉబ్బదు,
ఇల్లు నిండిపోయిందంతే.
ఏది తీసెయ్యమంటావని ఒక్కొక్కటీ అడగాలి.

తిండి తెచ్చేది, బట్టలమ్మేది, నిమిషంలో అప్పిచ్చేది,
చక్రం తిప్పితే బంగారం వస్తుందనేది,
అన్నీ పోయాయి ఎంగిలాకుల్లాగ.
మనవరాలి బోసినవ్వులు నాలుగొందలు,
అందులో ఒక్కటీ పోలేదు.
తిత్లీ తుఫానుకి కూలిన జీడితోట ఫొటో ఒకటి,
మసగ్గా, వంకరగా,
సగం నేల, సగం ఆవిడ వేలే.
"అదుండనీ."

"ఆ గులాబీ రంగుది ఎందుకు తీసేశారు?"
గొంతు మారింది అమ్మాయికి.
అది వాళ్లు డబ్బు పోసి పెంచుతున్న పిల్లని
అప్పుడర్థమైంది నాకు.

దాలమ్మ చెయ్యి చాపింది.
ఇరవయ్యేళ్లు పిక్కలు కొట్టిన చెయ్యి.
జీడినూనెకి కాలి, ఊడి, మళ్లీ నల్లబడ్డ తోలు.
బొటనవేలు అరిగిన పాత రూపాయిలా నున్నగా ఉంది.
ఫోను మీద ఆనించింది.
మళ్లీ ప్రయత్నించండి.
కొంగుతో తుడిచి ఆనించింది.
మళ్లీ ప్రయత్నించండి.
"రేసను కాడా ఇంతే. నాను నాను కాదంటాది.
మిసనుతోటి తగువేటని
అల్లుడి ఏలు ఎట్టించినాను.
ఆడు మూడు సెంటు సీసాలు కొన్నాడు."

గుమ్మంలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు.
అమ్మాయి నవ్వలేదు.
తన బొటనవేలు వెలుతురికి తిప్పి చూసుకుంది.
కొత్తగా దున్నిన మడిలా
సాళ్లు సాళ్లుగా ఉందది.

"ఇలాంటి చేతులు ఊళ్లో ఎన్నుంటాయి?"
కుర్రాడికి అంకె కావాలి.
నాకు లెక్క తెలీదు.
షిఫ్టు వదిలేటప్పుడు జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర
నిలబడి చూసుకోమన్నాను.
నిలబడ్డారంట. ఆటో సింహాచలం చెప్పాడు.
లైట్లు వెలిగేదాకా నిలబడి,
తిరుగు దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదంట.

రెండు నెలలకి ఫోను చేసిందా అమ్మాయి.
"నేను రిపోర్టులో రాశానండీ,
ముప్పై ఒకటో పేజీలో."
సంతోషమన్నాను.
"అక్కడిదాకా ఎవరూ చదవరు," అంది.
కాసేపాగి, ఆ తోట ఫొటో ఉందా అనడిగింది.
ఉందన్నాను.

నిన్న దాలమ్మ మళ్లీ వచ్చింది.
తిరిగి నాటిన జీడిచెట్లు పూతకొచ్చాయి,
వీడియోలే వీడియోలు, అన్నిట్లోనూ గాలి హోరు.
మళ్లీ జాగా లేదు.
కొత్తగా ఎక్కిందొక ఆకుపచ్చ బొమ్మ,
ఎవరెక్కించారో ఆవిడకీ తెలీదు.
తెరిచాను.
వేలు పెట్టమంది.

నా రేటు యాభై.
బల్ల మీద నలభై పెట్టి వెళ్తుంది దాలమ్మ.
ఆ పదీ నేనెప్పుడూ అడగలేదు.